నెలసరికి ఊపిరితిత్తితో ఏం పని?

1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో మారర్, షాల్, మెండెజ్ అనే ముగ్గురు డాక్టర్లు ఒక వింత కేసు రాశారు. ఒకామెకు కుడి ఊపిరితిత్తి మాటిమాటికీ ముడుచుకుపోతోంది. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య గాలి చేరితే అలా జరుగుతుంది, దాన్ని న్యూమోథొరాక్స్ అంటారు. సన్నగా పొడుగ్గా ఎదిగిన కుర్రాళ్లలో, సిగరెట్లు తాగేవాళ్లలో, క్షయ వచ్చి తగ్గినవాళ్లలో ఇది డాక్టర్లకు కొత్తేమీ కాదు. ఈమె కథ వేరు. గాలి చేరడం, తగ్గడం, మళ్లీ చేరడం అంతా నెలసరి లెక్క ప్రకారం నడుస్తోంది. ఛాతీ తెరిచి చూస్తే, ఛాతీనీ పొట్టనీ వేరుచేసే డయాఫ్రం కండరం మీద గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం కనబడింది.

1972లో లిల్లింగ్టన్ బృందం దీనికి కేటమీనియల్ న్యూమోథొరాక్స్ అని పేరు పెట్టింది. నెలసరి మొదలైన రోజుకి అటూ ఇటూ 72 గంటల్లో వస్తే దాన్ని ఈ పద్దులో వేస్తారు. చాలాకాలం దీన్ని పుస్తకాల్లో మాత్రమే ఉండే జబ్బనుకున్నారు. ఆ తర్వాత ప్యారిస్‌లో మార్కో అలిఫానో అనే ఛాతీ సర్జన్, న్యూమోథొరాక్స్‌కి ఆపరేషన్ దాకా వచ్చిన ఆడవాళ్లందరినీ తారీఖులు అడిగి, డయాఫ్రంని శ్రద్ధగా వెతికి చూశారు. దాదాపు నాలుగోవంతు మందిలో వ్యవహారం నెలసరితోనే ముడిపడి ఉంది. జబ్బు కొత్తగా పెరగలేదు. అడిగే మనిషి దొరికాడంతే.

దీని వెనకున్న అసలు జబ్బు ఎండోమెట్రియోసిస్. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం మరోచోట నాటుకుని, హార్మోన్లకు స్పందిస్తూ, వాచి, నెత్తురోడి, చుట్టూ మచ్చకట్టి పక్క అవయవాలను అతికించేయడం దీని పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో దాదాపు పది శాతానికి, అంటే 19 కోట్ల మందికి ఇది ఉంది. ఎక్కువమందిలో అండాశయాల్లో, గర్భాశయం వెనక ఉంటుంది. స్కానింగ్ సెంటర్లలో చాక్లెట్ సిస్ట్ అనే మాట వినే ఉంటారు, అదీ ఇందులోదే. ఇక్కడ మాట్లాడుకునేది ఆ హద్దు దాటిన రకం గురించి: పేగు, మూత్రాశయం, యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే నాళం), డయాఫ్రం, ఊపిరితిత్తి, బొడ్డు, సిజేరియన్ కుట్లు, ఎప్పుడో ఒకసారి తుంటి నరం.

జబ్బు ఒకటే అయినా రోగి తట్టే తలుపులు వేరు. ఆయాసమని ఛాతీ డాక్టరు దగ్గరికి, విరేచనమప్పుడు కోత కోసినట్టుందని గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి, మూత్రానికి వెళ్తే మంటని యూరాలజిస్టు దగ్గరికి, కాలు లాగుతోందని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తుంది. ఎవరి పరీక్షలు వాళ్లు రాస్తారు, ఎవరి రిపోర్టు వాళ్లకు నార్మల్ వస్తుంది. "ఇది ఏ తారీఖుల్లో ఎక్కువవుతోందమ్మా?" అని వీళ్లలో ఒక్కరు అడిగినా దారి దొరుకుతుంది. వాళ్లు అడగరు. మగ డాక్టరు ముందు, పక్కన మామగారో అన్నయ్యో కూర్చుని ఉండగా, ఆ మాట తనంతట తాను ఎత్తడానికి ఆమెకు మొహమాటం. లక్షణాలు మొదలైన రోజుకీ జబ్బు పేరు తెలిసిన రోజుకీ మధ్య 4 నుంచి 12 ఏళ్లు పడుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. గర్భాశయానికి దూరంగా ఉన్న రకంలో ఆ దారి మరింత మెలికలు తిరుగుతుంది.

ఇంతకీ గర్భాశయం పొర డయాఫ్రం దాకా ఎలా ఎక్కింది? న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పనిచేసిన జాన్ శాంప్సన్ 1920ల్లో చెప్పిన జవాబే ఇప్పటికీ ముందువరసలో ఉంది. నెలసరి రక్తం అంతా కిందికే పోదు, కొంత ఫెలోపియన్ ట్యూబుల గుండా వెనక్కి, పొట్టలోకి జారుతుంది. అందులోని సజీవ కణాలు ఎక్కడ నిలిస్తే అక్కడ నాటుకుంటాయి. పొట్టలోని ద్రవం ఒకచోట ఆగి ఉండదు. ఊపిరితో పాటు డయాఫ్రం కదులుతుంటే అది పైకి పాకుతుంది. పెద్దపేగుకి కుడిపక్క దారి వెడల్పు. ఎడమపక్క దారికి పైకొసన పేగుని డయాఫ్రంకి కట్టి ఉంచే ఒక పొర అడ్డం. అందుకని ద్రవం కుడివైపు నుంచే ఎక్కి కాలేయం పైకి చేరుతుంది. కాలేయాన్ని పొట్ట ముందుగోడకి పట్టి ఉంచే ఫాల్సిఫార్మ్ లిగమెంట్ దాన్ని ఎడమకి దాటనివ్వదు. నెలసరితో వచ్చే న్యూమోథొరాక్స్ పదింట తొమ్మిదిసార్లు కుడివైపే రావడానికి ఇంతకన్నా తేలికైన వివరణ నాకు కనబడలేదు. కింద కటి భాగంలో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎడమ మూల, పురీషనాళానికి ముందుండే సిగ్మాయిడ్ పేగు మరుగున ఉంటుంది, ద్రవం అక్కడ నిలవ ఉంటుంది. యురేటర్‌కి పట్టే ఎండోమెట్రియోసిస్ ఎడమవైపే ఎక్కువ.

శాంప్సన్ మాటతో అన్నీ తేలిపోతాయని కాదు. ట్యూబులు తెరిచి ఉన్న ఆడవాళ్లలో దాదాపు 90 శాతం మందికి నెలసరి రక్తం వెనక్కి జారుతుందని 1984లో హాల్మె బృందం చూపించింది. జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే వస్తోంది. ఊపిరితిత్తి లోతుల్లో కనబడే గడ్డలకి రక్తనాళాల దారి ఒప్పుకోక తప్పదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఏళ్ల తరబడి ఈస్ట్రోజెన్ వాడిన కొద్దిమంది మగవాళ్లలోనూ ఇది కనబడింది. వాళ్లకి వెనక్కి జారే నెలసరి ఎక్కడిది? పొట్ట లోపలి పొర కణాలే రూపు మార్చుకుంటాయనే పాత వాదానికి ఊపిరి పోసేది ఈ కేసులే. 2017లో ఆంగ్లేసియో బృందం లోతుగా పాతుకున్న గడ్డల్లో, క్యాన్సర్ ఏమాత్రం లేని చోట, కేరాస్ లాంటి జన్యువుల్లో క్యాన్సర్ తరహా మార్పుల్ని గుర్తించింది. చుట్టుపక్కల కండరాల్లోకి ఈ కణాలు అంత మొండిగా ఎలా చొరబడతాయో అర్థం కావడానికి అదొక ఆధారం.

ఛాతీకి పట్టినప్పుడు జబ్బు నాలుగు రకాలుగా బయటపడుతుంది. 1996లో జోసెఫ్, శాన్ అనే ఇద్దరు డాక్టర్లు అప్పటిదాకా అచ్చయిన 110 కేసుల్ని కూర్చి చూస్తే, నాలుగింట మూడొంతుల మందికి ఛాతీలో గాలి చేరింది. మిగతావాళ్లలో కొందరికి రక్తం చేరింది, కొందరికి దగ్గులో రక్తం పడింది, కొందరికి ఊపిరితిత్తిలో గడ్డ కనబడింది. వీటికి ముందు ఏళ్ల తరబడి వచ్చే సంకేతం ఒకటుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. నెలసరి రోజుల్లో కుడి భుజం పైభాగంలో నొప్పి. డయాఫ్రంకి వెళ్లే ఫ్రెనిక్ నరం మెడలో పుడుతుంది, భుజం చర్మానికి వెళ్లే నరాలూ అక్కడివే. దాంతో కింద పుట్టిన నొప్పిని మెదడు భుజం ఖాతాలో వేస్తుంది. అలాంటి భుజానికి బామ్ రాస్తారు, ఫిజియోథెరపీకి పంపుతారు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆడమనిషి దగ్గితే రక్తం పడినా, ఛాతీలో నీరు చేరినా డాక్టరు మనసు ముందు క్షయ మీదికే పోతుంది. ఇంత క్షయ ఉన్న దేశంలో పోవాలి కూడా. కానీ కళ్లెలో క్రిమి కనబడకపోయినా ఆరు నెలల మందులు మొదలుపెట్టి, తర్వాత ఎండోమెట్రియోసిస్ అని తేలిన కేసులు మన వైద్య పత్రికల్లో ఉన్నాయి. రక్తం పడిన తేదీలు క్యాలెండర్లో గుర్తుపెట్టి చూస్తే క్షయకీ దీనికీ తేడా తెలుస్తుంది. క్షయకి నెల లెక్క ఉండదు. నెలసరి రోజుల్లోనే సీటీ తీసి, రెండు వారాల తర్వాత మళ్లీ తీస్తే, మొదటిదాంట్లో ఉన్న మరక రెండోదాంట్లో పలచబడి ఉండొచ్చు. ఎమ్మారైలో కొవ్వు మెరుపును అణిచే పద్ధతి వాడితే పాత రక్తం తెల్లగా మెరుస్తుంది. ఇన్ని చేసినా స్కాన్ శుభ్రంగా ఉండొచ్చు. అప్పుడు కెమెరాతో లోపలికి వెళ్లి చూడాల్సిందే.

ఆ చూడటంలోనూ మెలకువ ఉంది. పొట్టలోంచి లాపరోస్కోప్ పెడితే డయాఫ్రం ముందుభాగం ఇట్టే కనబడుతుంది. గడ్డలు ఎక్కువగా ఉండేది వెనకభాగంలో, కాలేయం చాటున. రోగిని ఎడమ పక్కకి తిప్పి, కాలేయాన్ని పట్టి ఉంచిన లిగమెంట్లు కోసి, కాలేయాన్ని కిందికి వాల్చి, ఏటవాలు కెమెరాతో చూస్తేగాని అసలు చోటు కంటపడదు. ఛాతీ వైపు నుంచి చూస్తే డయాఫ్రం మధ్యభాగంలో చిన్న చిన్న రంధ్రాలు, వాటి అంచుల్లో ఊదా, గోధుమ రంగు చుక్కలు కనబడతాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని వేలు దూరేంత. రంధ్రాలున్న ముక్కని పూర్తిగా కోసి తీసి కుట్టేస్తారు. ఫ్రెనిక్ నరం కొమ్మలు తెగితే ఆ పక్క డయాఫ్రం చచ్చుబడుతుంది కాబట్టి కత్తెర ఎటు పోవాలో ముందే లెక్క వేసుకోవాలి. ఆ తర్వాత ఊపిరితిత్తిని ఛాతీ గోడకి అతుక్కునేలా చేస్తారు, మళ్లీ గాలి చేరడానికి చోటు లేకుండా. రంధ్రాన్ని వదిలేసి ఒట్టి అతికింపు ఒక్కటే చేస్తే జబ్బు తిరిగి రావడం మామూలు. అంతా సరిగ్గా చేసినా కొందరిలో తిరిగొస్తుంది, సర్జరీ తర్వాత కనీసం ఆరు నెలలు హార్మోన్ మందులు వాడమనేది అందుకే.

పేగు దగ్గర కథ ఇంకో రకం. పేగుకి పట్టిన కేసుల్లో దాదాపు తొంభై శాతం పురీషనాళం, సిగ్మాయిడ్ భాగాల్లోనే. నెలసరి రోజుల్లో విరేచనానికి కూర్చుంటే ప్రాణం పోయినంత నొప్పి, కడుపుబ్బరం, ఒకరోజు విరేచనాలు, మర్నాడు మలబద్ధకం. ఐబీఎస్ (పేగు కదలికల తేడా) అని చీటీ రాసేస్తారు. కొలనోస్కోపీ చేస్తారు, లోపల అంతా నున్నగా, గులాబీ రంగులో ఉంటుంది. రోగి ఊపిరి పీల్చుకుంటుంది, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. గోడకి బయటివైపున మొలిచిన రావిమొక్క వేళ్లు ఇటుకల మధ్యకి దిగిపోయినా గదిలోపలి సున్నం చెక్కు చెదరదు. పేగులోనూ అంతే. గడ్డ బయటి పొర నుంచి కండరంలోకి దిగుతుంది, లోపలి పొర దాకా రావడం అరుదు. కొలనోస్కోపీ చూసేది ఆ లోపలి పొరనే.

దీన్ని పట్టుకునేది యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్, అదీ చేయి తిరిగినవాళ్లు చేస్తే. ప్రోబుతో మెల్లగా నొక్కినప్పుడు గర్భాశయం, పురీషనాళం ఒకదాని మీద ఒకటి జారాలి. జారకుండా రెండూ కలిసి కదిలితే వెనక అతుక్కుపోయాయని అర్థం. 2016లో ఐడియా అనే అంతర్జాతీయ బృందం ఈ పరీక్షకు వరస, కొలతలు, వాడాల్సిన మాటలు నిర్ణయించింది. పెళ్లికాని అమ్మాయిలకు మన దగ్గర ఈ స్కాన్ చేయరు. వాళ్లకి ఎమ్మారై దిక్కు, లేదా మలద్వారం గుండా చేసే స్కాన్. చీటీ మీద ఒట్టి "కడుపునొప్పి" అని రాసి పంపిస్తే ఎంత మంచి రేడియాలజిస్టయినా అండాశయాలు చూసి సరిపెడతాడు. లోతైన ఎండోమెట్రియోసిస్ అనుమానం అని రాస్తే, ఎక్కడ చూడాలో అక్కడ చూస్తాడు. ఒకప్పుడు లాపరోస్కోపీ చేస్తేగాని జబ్బు ఖాయం చేసేవాళ్లు కాదు. 2022లో యూరప్ సంతాన వైద్య సంఘం ఎష్రే ఆ పట్టుదల వదిలేసింది. స్కాన్లో కనబడితే చాలు, స్కాన్లో కనబడకపోతేనో మందులకు లొంగకపోతేనో కెమెరా పెట్టమంది. రక్తంలో సీఏ-125 అనే ప్రొటీన్ చూసి తేల్చొద్దని కూడా చెప్పింది. మన దగ్గర ఇప్పటికీ ఆ పరీక్ష రాస్తూనే ఉన్నారు.

పేగు మీది గడ్డని తీయడానికి మూడు దారులున్నాయి. పైపైన గీకి తీయడం, గడ్డ ఉన్న బిళ్లంత మేర పేగు గోడని తీసి ఆ కంతని మూసేయడం, లేదా అంత ముక్క పేగునే కోసి రెండు కొసలూ కలపడం. ముందు గట్టిగా అతుక్కుపోయిన పురీషనాళాన్ని గర్భాశయం నుంచి విడదీయాలి. గడ్డ తెల్లగా, నారలా, కత్తెరకి గరగరలాడేంత గట్టిగా ఉంటుంది. పక్కనే మెత్తటి పసుపు కొవ్వు, అందులో దారాల్లాంటి నరాలు. మూత్రాశయాన్ని ఖాళీ చేయించే నరాలవే. రెండు పక్కలా అవి తెగితే, ఆమె నెలల తరబడి, ఒక్కోసారి జీవితాంతం, గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవాల్సి వస్తుంది. గడ్డ వచ్చేశాక కటి భాగాన్ని సెలైన్ నీళ్లతో నింపి, కింద నుంచి పురీషనాళంలోకి గాలి ఊదుతారు. గదిలో అందరూ టీవీ తెరనే చూస్తుంటారు. బుడగ పైకి తేలిందా, ఎక్కడో కారుతోందని లెక్క, మళ్లీ కుట్టాలి. పేగు కలిపిన చోట రక్తం ఆడుతోందో లేదో చూడటానికి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ప్రత్యేక కెమెరాలో పచ్చగా వెలిగిన పేగు బతికే పేగు.

ఎంత తీయాలన్నదాని మీద సర్జన్లలో ఏళ్ల తరబడి పోట్లాట నడిచింది. పేగు ముక్క మొత్తం తీసేస్తే నొప్పి బాగా తగ్గుతుందని ఒక వర్గం, గడ్డ మటుకే తీస్తే చాలని మరో వర్గం. ఫ్రాన్స్‌లో హొరాస్ రోమాన్ బృందం 60 మందిని చీటీ వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగానికి గడ్డ మటుకే, మరో భాగానికి పేగు ముక్క తీసి రెండేళ్లు గమనించింది. విరేచనం, మూత్రం, నొప్పి ఏ లెక్కలో చూసినా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అరవై మందితో అన్నీ తేలిపోవు, నిజమే. అయినా పురీషనాళం కిందిభాగంలో ఎక్కువ పేగు తీస్తే కుట్లు కారడం, కొంతకాలం పొట్ట మీద సంచి, రోజుకి పదిసార్లు బాత్రూముకి పరుగు లాంటివి ఉండనే ఉన్నాయి. తేడా లేనప్పుడు తక్కువ కోతే మేలన్నవాళ్ల వైపే నా మొగ్గు. ఇంకో మాట, గడ్డ కనబడినంత మాత్రాన తీయక్కర్లేదు. ఇబ్బంది పెట్టకుండా, పేగుకి అడ్డం పడకుండా ఉంటే ప్రోజెస్టిన్ మాత్రలతో ఏళ్లు నెట్టుకురావచ్చు.

యురేటర్ విషయంలో ఆ నింపాది పనికిరాదు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే ఈ సన్నటి నాళాన్ని గడ్డ బయటి నుంచి బిగించేస్తే కిడ్నీ వాచి, చడీచప్పుడు లేకుండా చచ్చిపోతుంది. నొప్పి ఉండొచ్చు, అసలేమీ ఉండకపోవచ్చు. లోతైన ఎండోమెట్రియోసిస్ ఎక్కడ కనబడినా కిడ్నీల మీద ఒకసారి ప్రోబు పెట్టి చూడాలనేది దీనివల్లే. రెండు నిమిషాల పని. గడ్డ నుంచి నాళాన్ని విడదీయడం కుదిరితే సరే, కుదరకపోతే పాడైన ముక్క తీసి మూత్రాశయంలో కొత్తచోట నాటుతారు. మూత్రాశయం గోడలో గడ్డ అయితే సులువు. ఆ మేరకు కోసి కుట్టేస్తే బాగానే మానుతుంది.

అన్నిటికన్నా మన రాష్ట్రాలకి దగ్గరి సంగతి సిజేరియన్ కుట్ల కింద పెరిగే గడ్డ. ఆపరేషన్ సమయంలో గర్భాశయం పొర కణాలు కోతలో చిక్కుకుని అక్కడే పెరుగుతాయి. నూటికి ఒకరికన్నా తక్కువమందికే వస్తుంది. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5 మాత్రమే. ఇన్ని కోతల మీద అరుదైనది కూడా అరుదుగా ఉండదు. కాన్పైన కొన్నేళ్లకి కుట్ల కొసన నిమ్మకాయంత గట్టి ఉండ, నెలసరి వచ్చినప్పుడల్లా సలుపు. "కుట్లు లాగుతున్నాయిలే, వాతం చేసింది" అని అత్తగారు, "దారం గడ్డ" అనో "హెర్నియా" అనో డాక్టరు. పాత సిజేరియన్, గడ్డ, నెల నెలా నొప్పి అనే మూడూ ఒకచోట కలిస్తే అది వేరే ఏదో అయ్యే అవకాశం తక్కువ. మాత్రలకి ఇది కరగదు. చుట్టూ సెంటీమీటరు మంచి కండతో సహా తీసేస్తే చాలామందికి అక్కడితో పోతుంది. తీసినచోట పొట్టగోడ బలహీనమైతే మెష్ వేస్తారు. ఏ కోతా లేకుండా బొడ్డులో మొలిచి, నెలసరి రోజుల్లో నెత్తురు కారే రకం కూడా ఉంది. 1886లో ఫ్రాన్స్‌లో విల్లార్ వర్ణించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా ఉన్న జబ్బుకి మన ఊళ్లలో ఒకటే మందు చెప్తారు: "గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది." 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అన్నీ ఎండోమెట్రియోసిస్ కోసమని కాదు, కానీ ఆ అలవాటు ఇక్కడ ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. సంచి తీసినా పేగు మీది గడ్డ పేగు మీదే ఉంటుంది, డయాఫ్రం మీది రంధ్రం అక్కడే ఉంటుంది. అండాశయాలు ఉన్నంతకాలం వాటికి హార్మోన్ అందుతూనే ఉంటుంది. అండాశయాలు కూడా తీసేసినా కొన్ని గడ్డలు తమకు కావలసిన ఈస్ట్రోజెన్ కొంత తామే తయారుచేసుకుంటాయి. బ్రిటిష్ నవలా రచయిత్రి హిలరీ మాంటెల్‌కి జరిగింది ఇదే. ఇరవైల్లో ఆమె నొప్పిని మానసిక జబ్బన్నారు, మనసు మందులు మింగించారు. బోట్స్‌వానాలో ఉండగా వైద్యగ్రంథం తిరగేసి తన జబ్బేమిటో తనే పోల్చుకుంది. 27 ఏళ్లకి లండన్‌లో గర్భాశయం, అండాశయాలు తీసేశారు. పిల్లలు పుట్టే దారి మూసుకుపోయింది, జబ్బు మాత్రం మళ్లీ వచ్చింది. రెండు బుకర్ బహుమతులు గెలిచిన ఆమె ఆ రోజుల గురించి తన ఆత్మకథలో కోపంగా రాసింది.

సరైన ఆపరేషన్ అంటే గడ్డ ఉన్నచోట గడ్డని తీయడం. దానికి స్త్రీవ్యాధుల సర్జన్ ఒక్కరే చాలరు. పేగు సర్జన్, యూరాలజిస్టు, అవసరమైతే ఛాతీ సర్జన్ ముందురోజే స్కాన్లు పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకోవాలి. పొట్ట తెరిచాక "పేగుకి కూడా ఉంది, మళ్లీ చూద్దాం" అని మూసేసిన ఆపరేషన్ రోగికి మరో అతుకుల పొరని మిగిల్చి పోతుంది. రెండోసారి వెళ్లే సర్జన్‌కి ఆ అతుకులు విడదీయడానికే సగం రోజు. అందుకే మొదటి ఆపరేషన్‌కి ముందు, "పేగుకి ఉంటే ఎవరు చేస్తారండీ?" అని రోగి అడగడం తప్పు కాదు.

ఒకటి ఒప్పుకోవాలి. తారీఖుల లెక్క మొదటి ఏళ్లలోనే గట్టిగా పనిచేస్తుంది. జబ్బు ముదిరి మచ్చలు, అతుకులు పెరిగాక నొప్పి నెలంతా ఉంటుంది, అప్పుడు క్యాలెండర్ చూస్తే ఏ క్రమమూ కనబడదు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న మారుతుంది: "మొదట్లో ఎలా ఉండేది?"

తీసిన ముక్క ఫార్మలిన్ డబ్బాలో ప్యాథాలజీకి వెళ్తుంది. గ్రంథులు, వాటి చుట్టూ గర్భాశయపు పొరలో ఉండేలాంటి కణాలు, పాత రక్తం మిగిల్చిన ఇనుము మరక కనబడితే రిపోర్టు వచ్చేస్తుంది. డయాఫ్రం ముక్కల్లో ఒక్కోసారి గ్రంథులు దొరకవు, ఒట్టి కణాల చారే ఉంటుంది. అప్పుడు సీడీ10 అనే రంగుపరీక్ష, హార్మోన్ గ్రాహకాల పరీక్ష చేసి తేలుస్తారు. రిపోర్టు చేతికొచ్చాక వెంటనే పిల్లలు కావాలనుకోనివాళ్లకి డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాస్తారు. మొదటి నెలల్లో వేళాపాళా లేకుండా కొంచెం కొంచెం రక్తం కనబడుతుంది. ఆపరేషన్ చెడిందని భయపడి చాలామంది మాత్ర మానేసేది అప్పుడే. ఆ మాట డాక్టరు ముందే చెప్పి పంపితే మానరు.